దూలగొండి తూకం

బాపు చేతిరాత చిన్నదైపోతున్నదని మాకు నాలుగైదేండ్లు ఆలస్యంగా తెలిసింది.

ఆయన భైంసాలో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. పత్తి సీజన్‌లో పొద్దంతా తక్‌పట్టీలు రాయడమే పని. రైతు పేరు, ఊరు, తూకం, తరుగు, రేటు, హమాలీ కూలి, అన్నీ పోను చేతికొచ్చే పైకం. ఆయన పని మానేసినంక ఒకసారి ఇల్లు సర్దుతుంటే పాత కార్బన్ కాపీల కట్టలు బయటపడ్డయి. 2008 కట్టలో అక్షరాలు జొన్నగింజలంత ఉన్నయి. 2012 కట్టకు వచ్చేసరికి లైను మొదట్లో జొన్నగింజ, చివరికి పోయేసరికి ఆవగింజ. అప్పటికి ఆయన చెయ్యి ఇంకా వణకలేదు. రైతులు "గుమస్తా సాబ్, జెర పెద్దగ రాయరాదె" అని నవ్వేవాళ్ళట. కాగితం పొదుపు చేస్తున్నడనుకున్నరట.

2013లో కుడిచెయ్యి మొదలైంది. పని చేస్తున్నప్పుడు కాదు, ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడు. బొటనవేలు చూపుడువేలి మీద రాసుకుంటూ, నోట్లు లెక్కపెడుతున్నట్టు. మా అవ్వ (మా దిక్కు అమ్మను అట్లే పిలుస్తం) "గుమస్తాగిరి చేతుల నుంచి పోతలేదు" అనేది. నాందేడ్‌లో ఒక దవాఖానకు తీసుకపోతే పార్కిన్సన్స్ అన్నరు.

హైదరాబాద్ వదిలి నాందేడ్ ఎందుకంటే మాకు అదే దగ్గర. 1956 దాకా మా ముధోల్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రపు నాందేడ్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాలు విడిపోయినప్పుడు మమ్మల్ని ఆదిలాబాద్‌లో కలిపిండ్రు, 2016లో నిర్మల్ జిల్లా చేసిండ్రు. సర్కారు గీతలు మారినా జ్వరమొస్తే పోయే తొవ్వ మారలేదు. మా మందులచిట్టీలు మరాఠీ యాసలో, మా తిట్లు ఉర్దూలో, మా ఏడుపులు తెలుగులో ఉంటయి.

గోలీలు రాసిండ్రు, పొద్దుకు మూడు. మొదట్లో కడుపులో తిప్పుతున్నదని బాపు అంటే, నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "అన్నం తిన్నంక ఎయ్యండ్రి, ఇంగిలీషు మందు వట్టి కడుపుల పడదు" అని చెప్పిన. మొదట్లో వాంతి రాకుండా ఏదైనా తేలికగా తిని వేసుకోమనడం మామూలే. కానీ నేనిచ్చిన ఆ సలహాను ఇంట్లో ఐదేండ్లు పట్టుకున్నరు. అదీ బిస్కెట్టుతో కాదు, పప్పన్నం తిన్నంక, రాత్రి గ్లాసెడు పాలతో. తొలి రెండు మూడేండ్లు నడిచింది. తర్వాత గోలి వేసుకున్నా గంటల తరబడి కుర్చీలోంచి లేవలేని రోజులొచ్చినయి. మందు పనిచేస్తలేదన్నరు అందరూ. నేను కూడా అన్న.

2018 ఎండకాలంలో కుభీర్ దిక్కు నుంచి మామ వచ్చిండు, అవ్వ తమ్ముడు. సంచిలో బూడిదరంగు చూర్ణం. దూలగొండి గింజల పొడి. "పొద్దుగాల్ల పరగడుపున ఒక చెంచా, మాపటికి తినకముందు ఒక చెంచా. గోరువెచ్చని నీళ్ళల్ల. నెల దినాలల్ల బావ ఉరుకుతడు సూడు" అన్నడు. దూలగొండి అంటే మా పిల్లలందరికీ భయం. కంచె మీద పాకే తీగ, మఖమల్ లాంటి నూగున్న కాయ. బడిలో ఎవరన్నా ఆ నూగు తెచ్చి బెంచీ మీద రాస్తే రోజంతా గోకుడే. ఆ కాయలోపలి గింజ మందంటే నాకు నవ్వొచ్చింది. ఫోన్‌లో మామతో పెద్ద కొట్లాటే అయింది. నేను సైన్సు అన్న, ఆయన తాతలు అన్నడు.

వారంలో బాపు లేచి నడిచిండు. సుద్దవాగు కట్ట దాకా పోయొచ్చిండు. అవ్వ ఆ రోజు గుడిలో కొబ్బరికాయ కొట్టి నాకు ఫోన్ చేసి, "నీకేం ఎర్క, సదువుకున్నవ్ గని" అన్నది. నేను మాట్లాడలేదు.

నెల తిరిగేసరికి కథ మారింది. బాపు మెడ పాములా మెలి తిరగడం మొదలైంది. భుజాలు, నడుము వాటంతటవే ఊగుతున్నయి. కూర్చున్న మనిషి డాన్సు చేస్తున్నట్టు. రాత్రిపూట వాకిట్లో చిన్నపిల్లలు ఆడుతున్నరని, వాళ్ళకు చాయ్ పొయ్యమని అవ్వను లేపేవాడు. వాకిట్లో ఎవరూ లేరు. గాలి సోకిందన్నరు పక్కింటివాళ్ళు. నేను సెలవు పెట్టి హైదరాబాద్‌కు తీసుకొచ్చిన. ఒక పెద్ద న్యూరాలజిస్టు ఐదు నిమిషాలు బాపును చూసి, అవ్వ వైపు తిరిగి, "ఇంకేమన్నా ఇస్తున్నారా అమ్మా?" అని అడిగిండు. అవ్వ కొంగు సర్దుకుంది. చాలాసేపటికి చెప్పింది. నేను డాక్టరు తిడతడని చూస్తున్న. ఆయన తిట్టలేదు. "రెండూ ఒకటే మందమ్మా. మీరు రెండింతలు వేసిన్రు, అంతే" అన్నడు.

రెండూ ఒకటే అంటే ఏమిటో తెలుసుకోవడానికి నాకు ఆ తర్వాత చాలా నెలలు పట్టింది. నేను పుస్తకాల మనిషిని, గోలీల మనిషిని కాదు. కాబట్టి పుస్తకాల నుంచే మొదలుపెట్టిన.

ముందు దొరికింది మన వైపు పుస్తకమే. బసవరాజు రాసిన బసవరాజీయం. శ్లోకాలు సంస్కృతం, నడుమ నడుమ తెలుగు. తెలుగు నేల మీద వైద్యులు తరతరాలుగా చేతికింద పెట్టుకున్న గ్రంథం. అందులో కంపవాతం లక్షణాలు ఉన్నయి: అరచేతుల్లో, పాదాల్లో వణుకు, దేహం తూలడం, బాధ, నిద్ర చెడడం, బుద్ధి సన్నగిల్లడం. అంతే, నాలుగు ముక్కలు. అది ఇవాళ మనం పార్కిన్సన్స్ అంటున్న జబ్బే అని ఖాయంగా అనలేం. వణికించే రోగాలు చాలా ఉన్నయి. అయినా ఒక సంగతి నన్ను ఆపింది. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ తన చిన్న పుస్తకంలో 'వణుకు పక్షవాతం' గురించి రాసినప్పుడు చూసింది ఆరుగురిని, అందులో కొందరిని వీధిలో పోతుంటే చూసిండు. ఆయన ఇచ్చిన నిర్వచనంలో ఇంద్రియాలు, బుద్ధి చెడవు అని ఉంది. నిద్ర గురించి, బుద్ధి గురించి ఈ జబ్బులో పట్టించుకోవాలని పెద్ద డాక్టర్లు గట్టిగా చెప్పడం ఎంతో తర్వాతి మాట. వాకిట్లో లేని పిల్లలకు చాయ్ పొయ్యమన్న మనిషి ఇంట్లో ఉన్న నాకు, ఆ ఒక్క విషయంలో బసవరాజు జాబితాయే దగ్గరగా అనిపించింది.

ఇక గింజ సంగతి. ఆత్మగుప్త, కపికచ్ఛు, కౌంచ్, దూలగొండి. చరకుడి కాలం నుంచీ ఉన్నదే. ఎక్కువగా బలానికి, వాజీకరణానికి, కొన్ని వాతరోగాలకు వాడినరు. ఇక్కడే వాట్సాప్ పెద్దమనుషులు దూకుతరు: మన ఋషులు ఐదువేల ఏండ్ల కిందే డోపమైన్ కనిపెట్టిండ్రని. కనిపెట్టలేదు. పనికొచ్చే గింజ చేతిలో ఉంది, రోగం పేరు పుస్తకంలో ఉంది. గింజలో పనిచేసేది ఏది, ఎంత ఇస్తే పనిచేస్తుంది, ఎంత దాటితే మనిషి పాములా మెలితిరుగుతడు, ఈ లెక్క లేదు. అయితే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది వేరే: ఆ లెక్క యూరప్ వాళ్ళ దగ్గర కూడా చాలాకాలం లేదు. మందు వాళ్ళ చేతిలో కూడా యాభై ఏండ్లకు పైగా ఊరికే పడి ఉంది.

1911లో కాసిమిర్ ఫంక్ డోపా అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారు చేసిండు. విటమిన్ అనే మాటకు మూలమైన మనిషి ఆయనే. 1913లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో రోష్ కంపెనీ రసాయనవేత్త మార్కస్ గుగెన్‌హైమ్ యూరప్‌లో తినే ఒక రకం చిక్కుడు నుంచి దాని సహజరూపం ఎల్-డోపాను వేరు చేసిండు. ఏం చేస్తుందో చూద్దామని తానే రెండున్నర గ్రాములు మింగిండు. బాగా వాంతులయినయి. కుందేలుకు పెడితే పెద్దగా ఏమీ కాలేదు. పెద్ద పనికొచ్చే సరుకు కాదని పక్కన పెట్టేసిండ్రు.

1937లో మద్రాసు విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ లాబొరేటరీలో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి అనే ఇద్దరు దూలగొండి గింజల నుంచి అదే ఎల్-డోపాను వేరు చేసి, బ్రిటన్ నుంచి వచ్చే బయోకెమికల్ జర్నల్‌లో అచ్చు వేసిండ్రు. మా మామ సంచిలోని పొడిలో ఏముందో తేలింది ఆ ఏడే. అప్పటికి మద్రాసు సగం తెలుగు రాజధాని. భైంసా మాత్రం నిజాం రాజ్యంలో. ఆ వ్యాసం చదివినవాళ్ళెవరూ దాన్ని వణుకు రోగంతో ముడిపెట్టలేదు. పెట్టే వీలూ లేదు. మెదడులో డోపమైన్‌కు ఒక పని ఉందనే అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ మరుసటేడు, 1938లో, జర్మనీలో పీటర్ హోల్ట్స్ శరీరంలో డోపాను డోపమైన్‌గా మార్చే ఎంజైమును కనిపెట్టిండు. అప్పుడు కూడా డోపమైన్ అంటే వేరే దేనికో దారిలో తయారయ్యే మజిలీ సరుకనే అనుకున్నరు.

తాళం తీసింది మరో మన మొక్క. సర్పగంధి. పిచ్చికి, నిద్రలేమికి వాడుకలో ఉన్న వేరు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దానివల్ల రక్తపోటు కూడా తగ్గుతున్నదని రాసిండ్రు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌కు ఎక్కించిండు. 1952లో బాసెల్‌లోనే, ఈసారి సీబా కంపెనీ వాళ్ళు, ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థం తీసిండ్రు. అది ఎక్కువైన కొందరు రోగులకు అచ్చం పార్కిన్సన్స్ లాగే వణుకు, బిగుసుకుపోవడం వచ్చినయి.

స్వీడన్‌లో ఆర్విద్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకు రిసర్పిన్ ఎక్కించిండు. అవి చెవులు వాల్చి, రాయిలా కదలకుండా కూర్చున్నయి. అప్పుడు వాటికి డోపా ఎక్కించిండు. కాసేపటికి చెవులు నిక్కించి లేచి తిరిగినయి. రిసర్పిన్ మెదడులో డోపమైన్‌ను ఖాళీ చేస్తుందని, డోపా దాన్ని మళ్ళీ నింపుతుందని ఆయన చూపించిండు. ఈ పనికి 2000లో నోబెల్ వచ్చింది. ఆ ప్రయోగం గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక మన వేరు జబ్బును తెచ్చింది, ఒక మన గింజలో ఉన్న పదార్థమే దాన్ని తీసింది. రెండూ ఒకే అడవిలో పెరగగలవు. అవి కలుసుకున్నది మాత్రం స్వీడన్‌లో, ఒక కుందేలు ఒంట్లో.

తర్వాతి అంకం వియన్నా. ఒలే హోర్నికీవిచ్ చనిపోయినవాళ్ళ మెదళ్ళ నుంచి చిన్న ముక్కలు తీసి రంగు పరీక్ష చేసిండు. మామూలు మెదడు ముక్క నుంచి గులాబీ రంగు వచ్చింది. పార్కిన్సన్స్ రోగి మెదడు ముక్క నుంచి రాలేదు. లోటు ఏదో కంటికి కనిపించింది. అది 1960లో అచ్చయింది. 1961లో ఆయన, వాల్టర్ బిర్క్‌మాయర్ కలిసి రోగులకు ఎల్-డోపా నరానికి ఎక్కించిండ్రు. లేవలేనివాళ్ళు లేచి నడిచిండ్రు, మాట పెగలనివాళ్ళు మాట్లాడిండ్రు. అది కొన్ని గంటల ముచ్చట. తర్వాత మళ్ళీ కుర్చీ.

ఇక్కడితో కథ అయిపోవాలి. కాలేదు. మరో ఆరేండ్లు వేరే వేరే దేశాల డాక్టర్లు ప్రయత్నించి, కొందరు పనిచేసిందని, కొందరు పనిచేయలేదని రాసుకున్నరు. వాళ్ళిచ్చింది తక్కువ. ఎక్కువిస్తే గుగెన్‌హైమ్‌కు అయినట్టే వాంతులు. 1967లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ లాబొరేటరీలో జార్జ్ కోట్జియాస్ అనే గ్రీకు డాక్టరు చేసింది వినడానికి చాలా చిన్న పని. కొంచెంతో మొదలుపెట్టి, వారాల తరబడి, కడుపు అలవాటు పడే కొద్దీ పెంచుకుంటూ పోయిండు. రోజుకు 16 గ్రాముల దాకా. 16 మంది రోగుల్లో సగం మంది బాగా కోలుకున్నరు. మందు కొత్తది కాదు. కొత్తది ఆ ఓపిక, ఆ తూకం.

చిన్న పక్కదారి. కోట్జియాస్ ఈ పనిలోకి వచ్చింది మాంగనీసు దారిలో. చిలీ దేశంలో మాంగనీసు గని కార్మికులకు పార్కిన్సన్స్ లాంటి బిగుసు రోగం వస్తుంటే దాన్ని చదవడానికి పోయిండు. మా పాత ఆదిలాబాద్ జిల్లాలో పెన్‌గంగ రాళ్ళలో కూడా మాంగనీసు ఉంది, తవ్విండ్రు కూడా. ఆ గనుల్లో పనిచేసినవాళ్ళ చేతులు ఎవరన్నా చూసిండ్రా అనే ప్రశ్న నా మనసులో అట్లే ఉండిపోయింది.

1969లో న్యూయార్క్‌లో ఆలివర్ సాక్స్ దశాబ్దాలుగా కదలకుండా ఉన్న రోగులకు ఇదే మందు ఇచ్చి, వాళ్ళు మేలుకోవడం, మళ్ళీ జారిపోవడం 1973లో 'అవేకెనింగ్స్' పుస్తకంగా రాసిండు. 1990లో వచ్చిన సినిమా మీలో చాలామంది చూసే ఉంటరు. రాబర్ట్ డి నీరో ఒళ్ళంతా మెలితిరిగే ఆ సీన్లు నేను కాలేజీలో చూసి, నటన కొంచెం ఎక్కువైందనుకున్న. బాపును చూసినంక ఆ మాట వెనక్కి తీసుకున్న.

1970లో అమెరికాలో లెవోడోపాకు అనుమతి వచ్చింది. 1975లో దాంతో కార్బిడోపా కలిపిన గోలి వచ్చింది. ఇవాళ భైంసాలో బాపు మింగేది ఆ కలయికే. ఈ కార్బిడోపా సంగతి అర్థం కాకపోతే ఏదీ అర్థం కాదు. బాపుకు నేను చెప్పిన పద్ధతిలోనే మీకూ చెప్త.

"బాపు, మెదడు అనుకో, మార్కెట్ యార్డ్. అక్కడ డోపమైన్ అనే సరుకు కావాలె. అది తయారుచేసే కణాలు చాలామటుకు చచ్చిపోయినయి. బయట నుంచి డోపమైన్ పంపుదామంటే యార్డ్ గేటు దాన్ని రానియ్యదు. లెవోడోపా బండిని మాత్రం రానిస్తది. లోపలికి పోయినంక అదే డోపమైన్ అయితది."

"మరి తొవ్వల దళారులుండరా?" అన్నడు బాపు.

అదే అసలు ముచ్చట. ఊర్ల నుంచి పత్తి యార్డ్‌కు వచ్చేలోపే దారిలో దళారులు కొనేస్తరు కదా. పేగుల్లో, రక్తంలో, కాలేయంలో ఉండే ఎంజైము లెవోడోపాను దారిలోనే డోపమైన్‌గా మార్చేస్తుంది. అట్లా మారినదాంతో వాంతి తప్ప మెదడుకు ఏ లాభం లేదు. కార్బిడోపా ఆ దళారుల చేతులు కట్టేస్తుంది. అది మాత్రం యార్డ్ గేటు దాటి లోపలికి పోలేదు, అదే మనకు మేలు. లోపల లెవోడోపా డోపమైన్‌గా మారాలి మరి. దీనివల్ల ఒకప్పటి గ్రాముల మోతాదు నాలుగో వంతుకో అయిదో వంతుకో దిగింది. స్ట్రిప్ మీద 110 అని ఉంటే 100 మిల్లీగ్రాముల లెవోడోపా, 10 కార్బిడోపా. 125 అంటే అదే 100 లెవోడోపా, 25 కార్బిడోపా. అవ్వ 125 అంటే 'పవర్ ఎక్కువ' అనుకునేది. పవర్ అదే, కట్టేసిన దళారులు ఎక్కువ.

రెండో ముచ్చట గేటు. ఆ గేటు లెవోడోపా కోసం కట్టింది కాదు, మాంసకృత్తులు అరిగితే వచ్చే అమైనో ఆమ్లాల కోసం కట్టింది. లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే కాబట్టి అదే వరుసలో నిలబడాలి. పేగు దగ్గర ఒక గేటు, మెదడు దగ్గర ఇంకొకటి. పప్పన్నం తిని, పాలు తాగి గోలి వేసుకుంటే, సీజన్ నడుమ సోయా ట్రాక్టర్ల వెనక ఒక్క పత్తి బండిని నిలబెట్టినట్టే. బండి పొద్దుగూకేదాకా గేటు బయటే. జబ్బు ముదిరి, లోపల నిల్వ పెట్టుకునే కణాలు తగ్గిన కొద్దీ ఈ ఆలస్యం మనిషికి తెలుస్తుంది. ఐదేండ్లు బాపును కుర్చీలో కూర్చోబెట్టింది జబ్బు ఒక్కటే కాదు. ఫోన్‌లో నేను చెప్పిన మాట కూడా.

ఇప్పుడు మామ పొడి ఎందుకు పనిచేసిందో కూడా తెలుస్తుంది. గింజ బరువులో లెవోడోపా 3 నుంచి 6 శాతం దాకా ఉంటుందని చాలా కొలతల్లో తేలింది. తీగను బట్టి, ఉడికించి శుద్ధి చేసిన తీరును బట్టి మారుతుంది. ఒక చెంచా ఐదు గ్రాములనుకుంటే అందులో 150 నుంచి 300 మిల్లీగ్రాములు. అంటే ఒకటిన్నర నుంచి మూడు గోలీల లెవోడోపా, పరగడుపున, ఖాళీ గేటు ముందుకు. పొడికి సొంత కార్బిడోపా లేదు, కానీ బాపు ఒంట్లో గోలీల నుంచి వచ్చింది ఉండనే ఉంది. దళారుల చేతులు ముందే కట్టేసి ఉన్నప్పుడు పొడి సరుకంతా నేరుగా యార్డ్‌లో దిగింది. మొదట్లో నడిపించింది అదే, తర్వాత మెలితిప్పింది అదే, వాకిట్లో పిల్లల్ని చూపించింది అదే.

మామ చెప్పినదాంట్లో పరగడుపున అన్న మాట నేను చెప్పినదానికన్నా సరైనది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మామ తప్పు ఒక్కటే, చెంచా. చెంచా తూకం కాదు.

ఆ గింజను తూచి చూసినవాళ్ళు మన దగ్గర లేకపోలేదు. 1978లో బొంబాయిలో అశోక్ వైద్య బృందం దూలగొండి పొడిని పార్కిన్సన్స్ రోగులకు ఇచ్చి న్యూరాలజీ ఇండియా పత్రికలో రాసింది. 2000లో ఎన్. నాగశయన, తోటివారు ఆయుర్వేద చికిత్స తీసుకున్న 18 మందిని గమనించిండ్రు. పాలలో కలిపి ఇచ్చిన ఆ మందును విశ్లేషిస్తే ఒక్కో మోతాదులో దాదాపు 200 మిల్లీగ్రాముల లెవోడోపా తేలింది. 2004లో లండన్‌లో ఎనిమిది మంది మీద గోలీని, దూలగొండి పొడిని పక్కపక్కన పెట్టి చూసిండ్రు. 30 గ్రాముల పొడి 35 నిమిషాల్లోపే పట్టింది, గోలికి 68 నిమిషాలు పట్టింది. ప్రభావం కూడా పొడిదే ఎక్కువసేపు నిలిచింది. ఇవన్నీ కొద్దిమంది మీద చేసిన చిన్న పరిశోధనలు. వీటిని పట్టుకొని గోలి మానేయమనేవాళ్ళు ఉన్నరు. గోలిని ఒక్కసారిగా ఆపడం ప్రాణాపాయం, మనిషి బిగుసుకుపోయి జ్వరమెక్కి పోవచ్చు. మరోవైపు 'నాటు మందు' అని పొడిని చీదరించుకునే నాబోటివాళ్ళూ ఉన్నరు. ఇద్దరం మింగుతున్నది ఒకటే అణువు అని తెలియక కొట్లాడుకుంటున్నం. నా మటుకు నేను గోలి వైపే. దాంట్లో ఎంతుందో స్ట్రిప్ మీద అచ్చేసి ఉంటుంది కాబట్టి. అంతకుమించి దానికి ఏ గొప్పా లేదు.

మోతాదు తెలిసినంత మాత్రాన అయిపోలేదు. కొన్నేండ్లకు గోలి బలం తొందరగా దిగిపోవడం మొదలవుతుంది. నాలుగ్గంటలు పట్టేది రెండున్నరకు వస్తుంది. ఈ దిగుడును తగ్గించడానికి లెవోడోపాకు తోడుగా ఇచ్చే సఫినమైడ్ మీద 2014లో అచ్చయిన ఒక ముఖ్యమైన పరిశోధనకు మొదటి పేరు హైదరాబాద్ నిమ్స్ న్యూరాలజిస్టు రూపమ్ బొర్గొహాయిన్‌ది. ఆ మందుకు 2015లో యూరప్‌లో, 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. మద్రాసులో గింజ నుంచి తీసిన దశాబ్దాలకు, అదే సరుకు మోతాదును నిలబెట్టే పనిలో పంజగుట్ట చెయ్యి కూడా పడింది.

బాపు పొడి మానేసిండు. డాక్టరు నెలరోజులు పట్టి గోలీల మోతాదు, వేళలు సరిచేసిండు. పొద్దున 6, 11, సాయంత్రం 4, రాత్రి 9. తిండికి ముప్పావుగంట ముందు. పప్పు, పాలు ఎక్కువగా రాత్రిపూటకు జరిపినం. మెలికలు చాలామటుకు తగ్గినయి. వాకిట్లో పిల్లలు ఒక్కరొక్కరుగా వెళ్ళిపోయిండ్రు. ఆఖరిగా పోయిన పిల్లకు ఎర్ర గౌను ఉండేదట. బాపు ఆమె గురించి ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతడు, లేదని తెలిసే. మామ కొన్నాళ్ళు మా ఇంటికి రాలేదు. నేనే ఫోన్ చేసి, పరగడుపున అన్న మాట నీదే కరెక్టు మామా అన్న. "గట్లనా" అన్నడు. దసరాకు జమ్మి పెట్టడానికి వచ్చిండు.

ఏ గోలి ఎప్పుడు పడుతున్నదో, ఎప్పుడు దిగుతున్నదో రాసిపెట్టమని డాక్టరు చెప్తే, బాపు పాత తక్‌పట్టీ పుస్తకం ఒకటి తీసిండు. రైతు పేరు ఉండాల్సిన గడిలో వేళ, తూకం గడిలో గోలి, పైకం గడిలో ఒంటి సంగతి. పొద్దున 6 గంటల లైను కనపడీ కనపడనట్టు ఉంటుంది. 7 గంటల లైను జొన్నగింజలంత, 2008 నాటి చేతిరాత. పదిన్నరకు మళ్ళీ ఆవగింజ. డాక్టరు ఇప్పుడు బాపు రాసిన వేళలు చదవడం మానేసి అక్షరాల సైజు చూసుకుంట పోతడు.

మొన్న 11 గంటల గోలి తర్వాతి లైను చదవరాక అవ్వ నాకు ఫోటో తీసి పంపింది. ఏమన్నా అయిందేమో అని భయపడ్డదట. నేను పెద్దది చేసి చూసిన. పైకం గడిలో ఇట్ల రాసుంది: ఆకలైతాంది, ముప్పావుగంట ఇంకెప్పుడైతదో.